ఫెజెంట్ వేటకి వెస్ట్ కొంటున్నారా? ఖాళీగా తొడిగి చూసి కొనకండి

అక్టోబర్ మూడో శనివారం దగ్గరపడుతోందంటే సౌత్ డకోటా, మిన్నెసోటా, అయోవా వైపు ఉండే మనవాళ్ళలో కొందరికి ఫెజెంట్ల (పొడవాటి తోకతో కోడిలా ఉండే అడవి పక్షులు) వేట పిచ్చి పట్టుకుంటుంది. ఆఫీసులో ఎవరో ఒకసారి తీసుకెళ్తారు, కాళ్ళ దగ్గర గడ్డిలోంచి పుంజు గొంతు చించుకుంటూ లేస్తుంది, ఇక అంతే. ఆ తర్వాత తుపాకీ గురించి రాత్రంతా వీడియోలు చూస్తారు, బూట్ల గురించి నలుగురిని అడుగుతారు, తూటాలూ నీళ్ళూ కొట్టిన పక్షులూ పెట్టుకునే వెస్ట్ మాత్రం దుకాణంలో హ్యాంగర్‌కి వేలాడుతున్నదాన్ని తొడిగి, అద్దంలో ఒకసారి చూసుకుని తెచ్చేసుకుంటారు. ఖాళీగా ఉన్నప్పుడు ఏ వెస్టయినా బానే ఉంటుంది. అసలు సంగతి మధ్యాహ్నం మూడింటికి, వీపు మీద రెండు పుంజులు ఉండగా ఇంకో అర మైలు జమ్ములో నడవాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

ముందు బరువు లెక్క చూద్దాం. 12 గేజ్ (తుపాకీ గొట్టం సైజు) షెల్, అంటే తూటా, ఒక్కోటి 45–50 గ్రాములుంటుంది, 25 షెల్స్ ఉన్న డబ్బా అంటే కిలో పైనే. మీకూ కుక్కకీ కలిపి రెండు లీటర్ల నీళ్ళు, రెండు కిలోలు. సౌత్ డకోటాలో మనిషికి రోజుకి 3 పుంజులు (పెట్టల్ని కొట్టకూడదు), పుంజు ఒక్కోటి కిలో పావు అటూ ఇటూ తూగుతుంది కాబట్టి మూడూ కలిపి నాలుగు కిలోలకి దగ్గర. వెస్ట్ సొంత బరువు ఒక కిలో వేసుకున్నా మొత్తం ఎనిమిది కిలోలకి దగ్గర. దీన్ని మోస్తూ నడుంలోతు గడ్డిలో మైళ్ళు నడవాలి, నడుస్తూ నడుస్తూ ఏ క్షణంలోనైనా తుపాకీ భుజానికెత్తాలి.

ఈ బరువంతా భుజాల మీద పడిందా, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది, చేతులు బరువెక్కి తుపాకీ ఆలస్యంగా లేస్తుంది. మన ఆడవాళ్ళు నీళ్ళ బిందెని నడుం మీద పెట్టుకుని నడవడంలో ఉన్న కిటుకే ఇక్కడా పనికొస్తుంది. బరువు తుంటి ఎముకల మీద కూర్చోవాలి. అందుకే నేనైతే మొదట చూసేది నడుం బెల్టు. సన్నటి నైలాన్ పట్టీ ఒకటి ముందు కట్టుకోవడానికి ఉంటే చాలదు, నాలుగు వేళ్ళ వెడల్పున, లోపల మెత్త ఉన్న బెల్టు, తుంటి చుట్టూ బిగిస్తే భుజం పట్టీలు కొంచెం వదులయ్యేలా ఉండాలి. బెల్టు బిగించాక భుజం పట్టీ కిందికి రెండు వేళ్ళు సులువుగా దూరితే బరువు ఉండాల్సిన చోటే ఉన్నట్టు.

మార్కెట్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పాతకాలం పద్ధతి, చేతుల్లేని జాకెట్ లాంటిది, ముందు రెండు పెద్ద జేబులు, వెనక పక్షులు వేసుకునే సంచి. రెండోది పట్టీల రకం, భుజాల మీద రెండు పట్టీలు, కింద బెల్టు, బెల్టుకే జేబులూ సంచీ. మొదటిది చవక, చలిలో కాస్త వెచ్చగానూ ఉంటుంది, దూరం నుంచి మనిషి కనబడటానికి వేసుకునే ఆరెంజ్ రంగు ఎక్కువ కనిపిస్తుంది. కానీ అక్టోబర్‌లో వీపంతా చెమట, పైగా బరువంతా భుజాల నుంచి వేలాడుతుంది. కారు దగ్గర్నుంచి ఒక గంట తిరిగి వచ్చేవాళ్ళకి అది చాలు. పొద్దంతా తిరిగేవాళ్ళు పట్టీల రకానికే వెళ్ళండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. అక్టోబర్‌లో చొక్కా మీద, డిసెంబర్‌లో మందపాటి జాకెట్ మీద అదే వెస్ట్ వేసుకోవచ్చు, పట్టీలు వదులు చేసుకుంటే సరిపోతుంది. అదే జాకెట్ రకమైతే సైజుతో తంటా, చొక్కా మీద సరిపోయింది స్వెట్టర్ మీద పట్టదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దుకాణం నుంచి తెచ్చాక ట్యాగులు తెంచకుండా ఇంట్లోనే చేయండి. మూడు జిప్‌లాక్ కవర్లలో కిలో పావు చొప్పున బియ్యం పోసి వెనక సంచిలో వేయండి. రెండు నీళ్ళ బాటిళ్ళు వాటి జేబుల్లో పెట్టండి. షెల్స్ బదులు అంతే బరువుకి చిల్లర నాణేలో మరోటో ముందు జేబుల్లో వేయండి. వేటకి వేసుకునే జాకెట్ కూడా వేసుకుని, ఆ మీద వెస్ట్ తగిలించుకుని ఒక అరగంట ఇంట్లో పనులు చేసుకోండి, మెట్లెక్కండి, వంగి బూటు లేసు కట్టుకోండి. వంగినప్పుడు ముందు జేబులు తొడలకి అడ్డం పడుతున్నాయా? వెనక సంచి పిరుదుల కిందికి జారి నడుస్తుంటే దబదబా కొట్టుకుంటోందా? కొట్టుకుంటుంటే ఆ వెస్ట్ వెనక్కిచ్చేయండి, కంచె దాటేటప్పుడు అది మిమ్మల్ని వెనక్కి లాగుతుంది.

తర్వాత తుపాకీ. ఛాంబర్ (షెల్ కూర్చునే అర) తెరిచి కంటితో చూసి, వేలుతో తడిమి ఖాళీ అని రూఢి చేసుకున్నాక, షెల్స్ ఇంకో గదిలో ఉంచి, ఎవరూ లేని గోడ వైపు తిరిగి భుజానికెత్తి చూడండి. బట్ (తుపాకీ వెనక భాగం) ఎక్కడ ఆనుతుందో సరిగ్గా అక్కడే కొన్ని వెస్టుల పట్టీ మెత్త గానీ, బకిల్ గానీ, రేడియో పెట్టుకునే చిన్న జేబు గానీ ఉంటుంది. బట్ దానికి తగులుకుని సగంలో ఆగిపోతుంది. మెత్త మరీ మందంగా ఉంటే బట్‌కీ భుజానికీ మధ్య దూరం పెరిగి చెంప సరైన చోట ఆనదు. కళ్ళు మూసుకుని పదిసార్లు ఎత్తండి, ఒక్కసారి తగులుకున్నా వద్దు. ఎడమచేతి వాటం వాళ్ళు ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి, కొన్ని కంపెనీలు కుడి భుజాన్ని ఖాళీగా వదిలి సరంజామా అంతా ఎడమవైపు కుడతాయి.

జేబుల సంఖ్య చూసి మురిసిపోకండి. పన్నెండు జేబులున్న వెస్టులో కావాల్సింది ఏ జేబులో ఉందో మీకే తెలియదు. షెల్స్ జేబు ఒక్కటి మాత్రం పట్టిపట్టి చూడండి. మూత పైకి మడిస్తే అలాగే నిలబడాలి, ప్రతిసారీ చేతి మీద పడకూడదు. గ్లవ్ వేసుకున్న చేయి మణికట్టు దాకా దూరాలి. లోతు మరీ ఎక్కువైతే ఆఖరి నాలుగు షెల్స్ కోసం వేళ్ళతో దేవులాడుకోవాల్సి వస్తుంది. మూతకి వెల్క్రో ఉన్నవి నాకు నచ్చవు: గడ్డి గింజలూ ముళ్ళకాయలూ దాన్నిండా పట్టి రెండు వారాల్లో అతుక్కోవడం మానేస్తుంది, పైగా సీజన్ చివర్లో పుంజులు కారు తలుపు చప్పుడుకే పరిగెత్తే రకం, అక్కడ మీరు చర్ర్‌మని వెల్క్రో లాగితే అవి ఇంకో పొలంలో ఉంటాయి. అయస్కాంతం మూతలు నిశ్శబ్దంగా ఉంటాయి, కాకపోతే దిక్సూచినీ ఫోన్‌నీ దాని పక్కన పెట్టకండి, దిక్కు తప్పు చూపిస్తాయి.

ఇక్కడ ఒక ప్రాణాంతకమైన విషయం. 20 గేజ్ షెల్ 12 గేజ్ కంటే సన్నం, దాన్ని 12 గేజ్ తుపాకీలో పెడితే ఛాంబర్‌లో ఆగకుండా ముందుకి జారి బ్యారెల్‌లో (గొట్టంలో) ఇరుక్కుంటుంది. తుపాకీ పేలలేదేంటని వెనకాలే 12 గేజ్ షెల్ వేసి కాలిస్తే బ్యారెల్ పగిలిపోతుంది, దాని పక్కనే ఉండేది మీ ఎడమచేయి. 20 గేజ్ షెల్స్‌ని పసుపు రంగులో చేసేది అందుకే. ఇంట్లో రెండు రకాల తుపాకులుంటే రెండిటికీ ఒకే వెస్ట్ వాడకండి, తప్పదంటే ఇంట్లోంచి బయల్దేరే ముందు జేబులు తిరగేసి దులపండి. అలా సులువుగా తిరగేయడానికి వీలుండే జేబు మంచి జేబు. సీసం షెల్స్ విషయంలోనూ అంతే. ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో (బాతుల లాంటి నీటిపక్షుల కోసం ప్రభుత్వం ఉంచిన భూముల్లో) విషం లేని రకం షెల్స్, మామూలుగా స్టీల్, మాత్రమే దగ్గర ఉండాలి. కాల్చకపోయినా సరే, జేబు మూలన పోయినవారం సీసం షెల్ ఒకటి మిగిలిపోయి వార్డెన్ (వేట రూల్స్ చూసే అధికారి) కంటపడితే జరిమానా మీదే.

వెనక సంచి సంగతి. చేయి వెనక్కి తిప్పకుండా, పక్క నుంచి పక్షిని లోపలికి తోయగలగాలి. లోపలి గుడ్డ నెత్తురు పీల్చనిదై ఉండాలి, తిరగేసి పైపుతో కడిగేసేలా ఉంటే మరీ మంచిది. సౌత్ డకోటాలో పొద్దున పదింటి దాకా (సెంట్రల్ టైమ్) కాల్చకూడదు కాబట్టి సీజన్ మొదట్లో వేట ఎండపూటే సాగుతుంది. వేడి పక్షిని గాలాడని సంచిలో మీ వీపుకి ఆనించి మూడు గంటలు మోస్తే మాంసం పాడవుతుంది, కూర వండిన రోజు తెలుస్తుంది. అందుకని జల్లెడ గుడ్డ ఉన్న సంచి అక్టోబర్‌కి మేలు, కనీసం పక్కలు తెరుచుకునేదైనా చూడండి. ఎక్కువ రాష్ట్రాల్లో పుంజు అని తెలిసేలా తలో, కాలో, ఈకలున్న రెక్కో ఉంచే తీసుకెళ్ళాలి, ఎంత ఉంచాలనేది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, రూల్స్ చూసుకోండి.

నీళ్ళకి గొట్టం ఉన్న సంచి బాగానే ఉంటుంది గానీ డిసెంబర్‌లో గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి కూర్చుంటాయి. కుక్కకి తాగించడానికి కూడా బాటిలే సుఖం. రెండు వైపులా చెరొక బాటిల్ పెట్టుకునేలా ఉంటే బరువు ఒక పక్కకి లాగదు. కుక్క ఉన్నవాళ్ళు చిన్న జేబు ఒకటి దానికే కేటాయించండి: ముల్లు లాగే పటకారు, కట్టు గుడ్డ. ముళ్ళతీగ కంచెలు కుక్కల్ని ఎలా చీరేస్తాయో చూసినవాళ్ళెవరూ ఆ జేబు ఖాళీగా ఉంచరు.

రంగు దగ్గర బేరాల్లేవు. మిన్నెసోటాలో చిన్న జంతువుల, పక్షుల వేటకి నడుం పైన కనిపించేలా ఒక్కటైనా బ్లేజ్ ఆరెంజ్ (కళ్ళు జిగేల్మనే ఆరెంజ్) లేదా బ్లేజ్ పింక్ బట్ట ఉండాలి. అయోవాలో ఫెజెంట్ లాంటి పక్షుల వేటకి టోపీయో వెస్టో చొక్కానో ఏదో ఒకటి కనీసం సగం బ్లేజ్ ఆరెంజ్ కావాలి. సౌత్ డకోటాలో ఫెజెంట్లకి ఆ రూల్ లేదు, అయినా వేసుకోండి. పదిమంది వరుసగా నడుస్తూ, పొలం అవతలి చివర ఇంకో నలుగురు నిలబడి ఉండగా, పుంజు తక్కువ ఎత్తులో లేచినప్పుడు గడ్డి వెనక ఎవరున్నారో చెప్పేది ఆ రంగే. పట్టీల వెస్టులో ఆరెంజ్ తక్కువ కాబట్టి టోపీ, చొక్కా కూడా ఆరెంజ్‌వే వేసుకోండి. వెనక నుంచి కూడా చూడండి, కొన్నిటికి ముందంతా ఆరెంజ్, వెనక సంచి మొత్తం మట్టిరంగు.

గుడ్డ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మైనం పూసిన మందపాటి కాన్వాస్ (ఫిల్సన్ వాళ్ళ టిన్ క్లాత్ పేరు వినే ఉంటారు) ముళ్ళకి చిరగదు, ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ బరువు, ఎండలో ఉక్క, వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. 500 డీనియర్ (దారం మందం కొలత) పైన ఉన్న నైలాన్ తేలిక, త్వరగా ఆరుతుంది, గడ్డిలో రాసుకుంటే కొంచెం చప్పుడు చేస్తుంది. నెవాడా కొండల్లో చుకార్ (కౌజు జాతి పక్షి) వెనక రాళ్ళెక్కేవాళ్ళకి తేలిక నైలానే దిక్కు. ఆరెంజ్ నైలాన్‌ని ఎండలో వారాల తరబడి ఆరేయకండి, వెలిసిపోతుంది.

ధరకొస్తే మామూలు జాకెట్ రకం 40–80 డాలర్లలో దొరుకుతుంది, మంచి నడుం బెల్టున్న పట్టీల రకం 200 దాటుతుంది, జేబులు విడివిడిగా తగిలించుకునే రకాలు ఇంకా పైకి పోతాయి. మొదటి సీజన్‌కి పెద్దది కొననక్కర్లేదు, స్నేహితుడిది ఒకరోజు అడిగి తీసుకుని నిండుగా వేసుకుని తిరగండి, మీ నడుమే చెప్తుంది.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక జేబు గురించి చెప్పాలి. జిప్ ఉన్న, నీళ్ళు దిగని లోపలి జేబు తప్పకుండా ఉండాలి, లైసెన్స్ కోసం. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ షెల్స్ గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. అంటే అమెరికన్ కొలీగ్‌కి లైసెన్స్ మర్చిపోవడం వేట రూలు తప్పడం, మీకు అది తుపాకీ కేసు దాకా పోవచ్చు. తుపాకీ కొనేముందే లాయర్‌ని ఒకసారి అడగండి, లైసెన్స్ కాపీ ఒకటి ఫోన్‌లోనూ ఉంచుకోండి. ఇదంతా చదివి ఊరెళ్ళినప్పుడు కౌజుల మీదికి పోదామనుకునేవాళ్ళకి ఒక మాట, ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం.

సీజన్ అయ్యాక వెస్ట్‌ని అటకెక్కించే ముందు ప్రతి జేబూ తిరగేసి, కుట్ల మూలల్లో వేలు పెట్టి చూడండి. అదే వెస్ట్‌నో, దానితో పాటు తిరిగిన బ్యాగునో సంక్రాంతికి ఇండియా ప్రయాణంలో వాడేవాళ్ళు మరీనూ. ఒక్క షెల్ మిగిలి ఉన్నా ఇక్కడి సెక్యూరిటీ దగ్గర ఆపుతారు, అక్కడ శంషాబాద్‌లో బయటపడితే లైసెన్స్ లేకుండా తూటా ఉన్నందుకు ఆయుధాల చట్టం కింద కేసు రాస్తారు.