రిపోర్టులో ఉన్న జీన్ పేరును ఫోన్‌లో వెతకడం ఎలా?

పోయిన నెల చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వస్తుంటే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, పెళ్లికి ముందు టెస్టులు చేయించుకున్నా. ఏదో జీన్‌లో తేడా ఉందంట. యాప్‌లో కొడితే ఏమీ అర్థం కాలేదు, ఒకటే టెన్షన్‌గా ఉంది." రిపోర్టు వాట్సాప్‌లో పంపమన్నాను. చంద్రగిరి దాటేలోపు సంగతి తేలింది. రిపోర్టులో ఉన్నది హెచ్‌బీబీ. వాడు ఫోన్‌లో విన్నది రాసుకుని, హెచ్‌బీడీ అని కొట్టాడు. అదీ నిజమైన జీనే, 11వ క్రోమోజోమ్ మీద దీని పక్కనే ఉంటుంది. అందుకే యాప్ తప్పని చెప్పలేదు.

కాబట్టి మొదటి పని, పేరును రిపోర్టులో చూసి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు టైప్ చేయడం. మనిషి జీన్ల పేర్లలో దాదాపు అన్నీ పెద్దక్షరాలే ఉంటాయి. మొదటి అక్షరం ఒక్కటే పెద్దదైతే అది ఎలుకది కావచ్చు.

యాప్ స్టోర్‌లో వెతికితే ఏవేవో వస్తాయి. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని యాప్ నాకైతే వద్దు. నేను వాడేవి అసలు యాప్‌లే కావు. వెబ్‌సైట్‌ను క్రోమ్‌లో తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, హోమ్ స్క్రీన్‌కు యాడ్ చేసుకున్నా. యాప్ లాగే ఐకాన్ వస్తుంది, సమాచారం మాత్రం ఎప్పుడూ తాజాగా ఉంటుంది.

ముందు మెడ్‌లైన్‌ప్లస్ జెనెటిక్స్ తెరవండి. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్లది, మామూలు మనుషుల కోసం రాసింది. హెచ్‌బీబీ జీన్ రక్తంలోని హిమోగ్లోబిన్‌లో బీటా గ్లోబిన్ భాగాన్ని తయారు చేయిస్తుందని, అది చెడితే తలసీమియా, సికిల్ సెల్ వస్తాయని అక్కడే తెలుస్తుంది. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది.

ఇంకాస్త కావాలంటే ఎన్‌సీబీఐ జీన్, అదీ ఆ లైబ్రరీ వాళ్లదే, జీన్ల జాబితా. అక్కడ కోళ్లవీ కోతులవీ కూడా వస్తాయి, హోమో సేపియన్స్ అని ఉన్నదే నొక్కండి. హెచ్‌బీబీ నంబరు 3043. జీన్లు, వాటివల్ల వచ్చే జబ్బుల గురించి చెప్పే ఓఎంఐఎం సైట్ కూడా మంచిదే కానీ డాక్టర్ల కోసం రాసింది, రాత్రిపూట ఒంటరిగా చదవకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది మ్యుటేషన్, అంటే జీన్‌లో వచ్చిన మార్పు దగ్గర. మావాడి రిపోర్టులో సి.92+5జి>సి (c.92+5G>C) అని ఉంది. మన దేశంలో బీటా తలసీమియాకు ఎక్కువగా కనిపించే మార్పు ఇదే. జీన్ పేరు, ఆ మార్పు రెండూ కలిపి క్లిన్‌వార్‌లో (ఏ మార్పు వల్ల ఏమవుతుందో నమోదు చేసే సైట్) కొట్టాలి. ప్లస్ గుర్తు, బాణం గుర్తు వదిలేస్తే దొరకకపోవచ్చు. జబ్బు తెచ్చేదా, నిరపాయకరమా, ఇంకా తేలలేదా అన్నది అక్కడ ఉంటుంది. పక్కన నక్షత్రాలు ఎన్ని ఉన్నాయో చూడండి, ఆ మాటను ఎంత బాగా పరిశీలించారో అవి చెబుతాయి, తక్కువుంటే ఆ మాటను అంత గట్టిగా నమ్మొద్దు.

డీఎన్‌ఏ ఫైల్ అప్‌లోడ్ చేయమని అడిగే యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, డీఎన్‌ఏను మార్చుకోలేం.

ఇక రిపోర్టులో హెటిరోజైగస్ అన్న మాట వెతకండి. రెండు కాపీల్లో ఒకటే మారిందని అర్థం. మావాడు క్యారియర్, అంటే ఆ మార్పును మోసేవాడే, రోగి కాదు. కానీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసీమియా వచ్చే అవకాశం 25 శాతం. అందుకే అమ్మాయికి కూడా హెచ్‌బీఏ2 టెస్టు (క్యారియరా కాదా అని చూసే రక్త పరీక్ష) చేయించి, రెండు రిపోర్టులూ పట్టుకుని జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమన్నాను. "పెద్దోళ్లకు నువ్వే చెప్పన్నా" అన్నాడు. ఆదివారం చిత్తూరు పోతున్నా.