యూనివర్సిటీ వెబ్‌సైట్‌ని ఫోన్‌లో పనికొచ్చేలా ఎలా తయారు చేయాలి?

ఒక యూనివర్సిటీ సైట్‌ పని ఒప్పుకున్నాక, కోడ్ జోలికి వెళ్ళకుండా ముందు రెండు రోజులు ఎగ్జామినేషన్ బ్రాంచి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఒకమ్మాయి వచ్చి సప్లిమెంటరీ ఫీజుకి లాస్ట్ డేట్ ఎప్పుడు సార్ అని అడిగింది, లోపలాయన వెబ్‌సైట్‌లో పెట్టాం కదమ్మా చూసుకో అన్నారు. ఆ అమ్మాయి అప్పటికే చూసింది. నోటిఫికేషన్‌ని అడ్డంగా స్కాన్ చేసి పెట్టారు, చదువుదామని ఫోన్ తిప్పితే స్క్రీన్ కూడా దాంతోపాటే తిరిగింది, వేళ్ళతో పెద్దది చేస్తే అక్షరాలు మసకబారిపోయాయి. తేదీ పక్కన రబ్బరు స్టాంపు పడి 18వ తేదీయో 13వ తేదీయో తెలియట్లేదు. ఆ తేదీ కోసమే బస్సెక్కి వచ్చింది. సైట్ కట్టేటప్పుడు ఆ అమ్మాయి చేతిలో ఉన్న ఫోన్‌ని మర్చిపోకుండా ఉంటే సగం నిర్ణయాలు వాటంతటవే తేలిపోతాయి.

ముందు ఎవరు దేనికోసం వస్తున్నారో రాసుకోండి

మీరు కూడా ఆ కిటికీ దగ్గరే మొదలుపెట్టండి. ఫోన్‌లు ఎత్తే వాళ్ళని, అటెండర్లని, హాస్టల్ పిల్లల్ని అడిగి ఏ ప్రశ్న ఎన్నిసార్లు వస్తోందో ఒక నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకోండి. పాత సైట్‌కి గూగుల్ ఎనలిటిక్స్ (ఏ పేజీకి ఎంతమంది వచ్చారో లెక్క చూపించే సాధనం) ఉంటే అదీ చూడండి. నాకు దాదాపు అన్నీ ఆరు విషయాల్లోనే సర్దుకున్నాయి: ఫలితాలు, టైమ్ టేబుల్, హాల్ టికెట్, ఫీజు, సర్టిఫికెట్లు, కొత్త నోటిఫికేషన్లు. ఈ ఆరూ ఫోన్‌లో పేజీ తెరవగానే, వేలితో జరపకుండానే కనిపించాలి.

న్యాక్ (కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) రిపోర్టులు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఇచ్చే ర్యాంకులు) డేటా, సమాచార హక్కు చట్టం వివరాలు సైట్‌లో ఉండి తీరాలి, అందులో మాట లేదు, కానీ వాటి కోసం వచ్చేవాళ్ళు మెనూలోకి వెళ్ళి వెతుక్కోగలరు. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 మాత్రం ప్రతి పేజీ అడుగునా ఉంచండి, నొక్కితే నేరుగా కాల్ వెళ్ళేలా. భయపడుతున్న పిల్లవాడు ఆ నంబర్‌ని కాపీ చేసుకునే పరిస్థితిలో ఉండడు.

హోమ్ పేజీలో జారిపోయే ఫొటోలు, పరిగెత్తే అక్షరాలు తీసేయమంటే ఆఫీసులో ఒప్పుకోవడం కష్టమే. నేను చేసిన పని ఏంటంటే, మీటింగ్‌లో వాదించకుండా పెద్దాయన చేతికే ఫోన్ ఇచ్చి, సార్ మీరే ఒకసారి బీకామ్ రెండో సెమిస్టర్ టైమ్ టేబుల్ వెతకండి అన్నాను. రెండు నిమిషాల తర్వాత ఆయనే తీసేయమన్నారు.

యాప్ వద్దు, వేరే మొబైల్ సైటూ వద్దు

ఒకే సైట్ కట్టండి, అదే ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ స్క్రీన్‌ని బట్టి సర్దుకోవాలి. రెస్పాన్సివ్ డిజైన్ అనేది దీన్నే. ఫోన్‌కి విడిగా ఇంకో సైట్ పెడితే ఆరు నెలల్లో ఒకదాంట్లో కొత్త నోటిఫికేషన్, ఇంకోదాంట్లో పాతది ఉంటుంది, పిల్లలు వాట్సాప్‌లో పంపుకునే లింకులు ఎవరికి ఏది తెరుచుకుంటాయో తెలియదు. పైగా గూగుల్ ఇప్పుడు సైట్‌ని ఫోన్‌లో ఎలా కనబడుతుందో చూసే ఇండెక్స్ చేస్తుంది, అంటే వెతుకులాటలో చూపించడానికి తన జాబితాలో చేర్చుకుంటుంది, 2016లో ప్రకటించిన ఆ మార్పు పూర్తయిందని 2023లో చెప్పింది కూడా. ఇక యాప్ అంటారా, ఏడాదికి నాలుగైదు సార్లు అవసరమయ్యే దానికోసం మెమరీ నిండిపోయిన ఫోన్‌లో ఇంకో యాప్ వేయించుకోమనడం న్యాయం కాదు.

కాగితం మీద గీయండి, తర్వాత కోడ్

360 పిక్సెల్స్ వెడల్పు అనుకుని, ఒకే నిలువు వరుసలో గీయండి. అది బాగుంటే పెద్ద స్క్రీన్‌కి పెంచడం సులువు, పెద్దదాన్ని ఫోన్‌లోకి కుదించడమే నరకం. వ్యూపోర్ట్ ట్యాగ్ (పేజీని ఫోన్ వెడల్పుకి సర్దమని చెప్పే ఒక లైన్ కోడ్) పెట్టడం మర్చిపోకండి, అది లేకపోతే మీరెంత చేసినా ఫోన్ మొత్తం పేజీని చీమల్లా చిన్నగా చూపిస్తుంది. జూమ్ మాత్రం ఆపేయకండి, చూపు తక్కువైన వాళ్ళు దాని మీదే ఆధారపడతారు. బటన్లు 48 పిక్సెల్స్ ఎత్తుండాలి. టైప్ చేసే గళ్ళలో అక్షరాలు 16 పిక్సెల్స్ కంటే తగ్గితే ఐఫోన్ దానంతటదే జూమ్ అయిపోయి పేజీ పక్కకి జరుగుతుంది.

టైమ్ టేబుల్ దగ్గర ఎక్కువ టైమ్ పెట్టండి. ఏడు కాలమ్‌ల టేబుల్ ఫోన్‌లో పట్టదు. ఒక్కో పరీక్షకి ఒక్కో కార్డు చేయండి: పైన తేదీ, వారం, దాని కింద సమయం, తర్వాత పేపర్ పేరు, చివర చిన్న అక్షరాల్లో పేపర్ కోడ్. తేదీ పెద్దగా ఉండాలి, ఎందుకంటే పిల్లలు స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టేది దానికోసమే.

నోటిఫికేషన్ అంటే టెక్స్ట్, స్కాన్ కాదు

సంతకం ఉన్న కాపీ కావాలంటే పీడీఎఫ్ కూడా పెట్టుకోండి, కానీ దాని పైన నాలుగు లైన్లు టైప్ చేసి ఉండాలి: ఏ కోర్సు, చివరి తేదీ, ఫీజు ఎంత, ఆలస్య రుసుముతో ఎప్పటిదాకా. స్కాన్ చేసిన బొమ్మని చూపు లేని విద్యార్థుల ఫోన్‌లో టాక్‌బ్యాక్ (స్క్రీన్ మీదున్నది పైకి చదివి వినిపించేది) సరిగ్గా చదవలేదు, గూగుల్‌లో వెతికినా సరిగ్గా దొరకదు.

తెలుగులో వచ్చే సర్క్యులర్లది ఇంకో తంటా. ఆఫీసుల్లో ఇంకా చాలామంది 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలోనే టైప్ చేస్తున్నారు, దాన్ని కాపీ చేసి సైట్‌లో పెడితే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతిలోకి) మార్చాకే పెట్టాలి, మార్చాక ఒకసారి చదవాలి, వత్తులు తారుమారవుతుంటాయి. నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ వాడుకోవచ్చు. లైన్‌కీ లైన్‌కీ మధ్య ఇంగ్లీషుకి ఇచ్చే ఎడం మనకి చాలదు, కింది వత్తులు, పై గుడులు ఒకదానికొకటి తగులుతాయి. అక్షరం సైజుకి 1.6 నుంచి 1.8 రెట్లు ఇవ్వండి.

హాల్ టికెట్ నంబర్ అడిగే గడి

ఇది చిన్నదే అనిపిస్తుంది గానీ గొడవలన్నీ ఇక్కడే. మీ నంబర్లన్నీ అంకెలే అయితే అంకెల కీబోర్డే తెరుచుకునేలా పెట్టండి. మధ్యలో అక్షరాలుంటే మామూలు కీబోర్డే ఉంచి, చిన్న అక్షరాలు కొట్టినా పెద్దవిగా తీసుకోండి. వాట్సాప్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే ముందో వెనకో ఒక ఖాళీ వస్తుంది, దాన్ని మీ కోడే తీసేయాలి. ఆ ఒక్క ఖాళీ వల్ల నంబర్ తప్పు అని వచ్చి, నా రిజల్ట్ విత్‌హెల్డ్‌లో (ఇవ్వకుండా ఆపి) పెట్టారేమో అని ఏడ్చిన పిల్లల్ని చూశాను. హాల్ టికెట్ నంబర్‌తో పాటు పుట్టిన తేదీ కూడా అడగండి, పక్క నంబర్ కొట్టి ఎవరి మార్కులు ఎవరైనా చూసేలా ఉండకూడదు.

ఫలితాల రోజుకి ముందే సిద్ధం కండి

ఏడాదంతా ఖాళీగా ఉండే సర్వర్ మీద ఆ ఒక్క గంటలో అందరూ ఒకేసారి పడతారు. ఫలితాల పేజీని మిగతా సైట్ నుంచి విడదీసి వేరే సర్వర్‌లో పెట్టండి, అందులో లోగో, ఆ రెండు గళ్ళు, ఒక బటన్ తప్ప ఏమీ ఉండకూడదు. మిగతా పేజీలన్నీ ముందే తయారుచేసి క్యాష్ (cache, సిద్ధంగా దాచి ఉంచిన కాపీ) నుంచి పంపండి. వీలైతే బీఏ, బీకామ్, బీఎస్సీ ఫలితాలు గంట తేడాతో విడుదల చేయమని పరీక్షల కంట్రోలర్ గారిని ఒప్పించండి, దీనికి రూపాయి ఖర్చు లేదు. ఒక వారం ముందు లోడ్ టెస్ట్ చేసి, అంటే చాలామంది ఒకేసారి వచ్చినట్టు ఉత్తుత్తి రద్దీ పంపి, ఎంతమంది దగ్గర పడిపోతుందో తెలుసుకోండి.

ఫీజు విషయంలో అసలు టెన్షన్ డబ్బులు కట్ అయ్యి రసీదు రాకపోవడం. అప్పుడు తెల్ల స్క్రీన్ చూపించకండి. మీ సర్వర్ పేమెంట్ గేట్‌వేని (ఆన్‌లైన్ చెల్లింపు నడిపే సంస్థని) అడిగి నిజం తెలుసుకునేదాకా "మీ చెల్లింపు పరిశీలనలో ఉంది, మళ్ళీ కట్టకండి" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్దగా రాయండి, కింద ట్రాన్సాక్షన్ నంబర్ ఇవ్వండి.

ఇంకొకటి, ట్రాన్స్‌క్రిప్టుల కోసం అమెరికా నుంచి, ఆస్ట్రేలియా నుంచి మన పాత విద్యార్థులు వస్తారు. చదువుకునే రోజుల్లో ఇచ్చిన సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. ఓటీపీ ఆ నంబర్‌కే పంపితే ఇక్కడున్న అమ్మానాన్నలు యూనివర్సిటీ చుట్టూ తిరగాలి. రికార్డులతో సరిపోల్చుకున్నాక ఈమెయిల్‌కి కూడా ఓటీపీ వెళ్ళే దారి ఉంచండి.

చౌక ఫోన్‌లో పరీక్షించండి

మీ కొత్త ఫోన్‌లో, ఆఫీసు వైఫైలో అన్నీ బాగానే ఉంటాయి. నాలుగేళ్ళ పాత ఆండ్రాయిడ్ ఒకటి సంపాదించి, వైఫై ఆపేసి, ఎండలో నిలబడి చూడండి. క్రోమ్‌లో ఉన్న లైట్‌హౌస్ (పేజీ వేగం కొలిచే సాధనం) కూడా నడపండి, పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో రావాలి. రాకపోతే ముందు ఫొటోల మీద చేయి వేయండి, కెమెరా నుంచి దిగినవి దిగినట్టే ఎక్కించి ఉంటారు. వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి చిన్నవి చేస్తే చాలావరకు తీరిపోతుంది. సెక్యూరిటీ ఆడిట్ సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థతోనే చేయించండి.

సైట్ అప్పగించే ముందు, ఒక్కో విభాగం నుంచి ఒకరిని కూర్చోబెట్టి నోటిఫికేషన్ ఎక్కించడం వాళ్ళ చేతే చేయించండి. శీర్షిక, చివరి తేదీ, ఫీజు అనే గళ్ళు నింపకపోతే పబ్లిష్ బటన్ పనిచేయకూడదు, తేదీ దాటాక ఆ నోటిఫికేషన్ దానంతటదే పాతవాటిలోకి వెళ్ళాలి. మేం అలా పెట్టాక మొదటి సప్లిమెంటరీ నోటిఫికేషన్‌ని కిటికీ లోపల కూర్చునే ఆయనే స్వయంగా టైప్ చేశారు. ఎక్కించాక తన ఫోన్‌లో తెరిచి, తేదీ చదివి, సరిగ్గా పడిందా అని నన్నూ ఒకసారి చదవమన్నారు.