ఇంట్లో బిల్ట్-ఇన్ ఫ్రిజ్ ఆగిపోతే దగ్గర్లో సరైన రిపేర్ మనిషిని ఎలా పట్టుకోవాలి?

మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. వేరేవాళ్లు పదేళ్లు ఉండి అమ్మిన ఇల్లు కొన్నాం, కిచెన్‌లో గోడలో కలిసిపోయినట్టు చెక్క తలుపులతో 48 అంగుళాల ఫ్రిజ్ ఉంది, అది చూసే మా ఆవిడ ఇల్లు ఓకే చేసేసింది. రెండో ఎండాకాలం ఒక శనివారం పొద్దున్నే తలుపు తీస్తే రాత్రి లోపల పెట్టిన దోసెల పిండి మూత లేపేసుకుని పొంగి, పాల క్యాన్ పక్కనించి కూరగాయల అరలోకి కారిపోయి ఉంది. ఫ్రిజ్‌లో పెట్టిన పిండి పొంగిందంటే ఇంక వేరే టెస్టులు అక్కర్లేదు కదా.

కంగారులో ఫోన్‌లో వెతికి పైన కనపడ్డ మొదటి నంబరుకి కాల్ చేశా, సోమవారం ఒకతను వచ్చాడు, తలుపుల పైన ఉండే జాలీ కూడా విప్పకుండా అయిదు నిమిషాలు చెవి పెట్టి విని కంప్రెసర్ పోయింది 2,400 డాలర్లు అన్నాడు, చూసినందుకు 149 తీసుకుని వెళ్లాడు. నాకెందుకో నమ్మబుద్ధి కాలేదు. గురువారం ఇంకొకతను వచ్చాడు, ఆయన రోజూ ఈ కంపెనీ ఫ్రిజ్‌లే చేస్తాడట, జాలీ విప్పి దుమ్ము దులిపి ఒక ఫ్యాన్ మోటర్ మార్చాడు, మొత్తం కలిపి 430 అయింది. ఆ రెండోవాణ్ణి మొదటే ఎలా పట్టుకోవాలో తెలిసుంటే అన్ని రోజులు ఐస్ బాక్సుల మీద బతికేవాళ్లం కాదు, అందుకే ఇది రాస్తున్నా.

ముందు తిండి సంగతి

కరెంటు పోయి ఆగితే తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ ఓ నాలుగు గంటలు చల్లదనం పట్టి ఉంచుతుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే 48 గంటలు. కరెంటు ఉండి కూడా చల్లబడట్లేదంటే ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టండి, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదు. అంతకంటే వేడిలో రెండు గంటలు దాటి ఉన్న పాలు, మాంసం, వండిన కూరలు పారేయాల్సిందే. ఆవకాయకి ఏం కాదు లెండి.

ఎవరికీ ఫోన్ చేయకముందు మీరే చూడాల్సినవి

బ్రేకర్ పడిపోయిందేమో చూడండి, ఎవరైనా పిల్లలు బటన్లు నొక్కి ఆఫ్ చేశారేమో చూడండి. తలుపు రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి, ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు పట్టట్లేదన్నమాట. తర్వాత అసలైనది కండెన్సర్, అంటే లోపలి వేడిని బయటికి వదిలే పైపులు, రేకులు. మామూలు ఫ్రిజ్‌కి వెనకో కిందో ఉంటుంది గానీ ఈ బిల్ట్-ఇన్ వాటిలో చాలావాటికి పైన, తలుపుల మీద ఉండే జాలీ వెనకాల ఉంటుంది. ఎవరూ నిచ్చెన వేసుకుని అక్కడ చూడరు కాబట్టి ఏళ్ల తరబడి దుమ్ము పేరుకుపోతుంది. మా దాంట్లో అయితే కుక్క బొచ్చు, పోపుల నూనె ఆవిరి, కార్పెట్ దుమ్ము అన్నీ కలిసి మందపాటి గొంగళిలా తయారైంది, పాత ఓనర్లకి కుక్క ఉండేదని అప్పుడు తెలిసింది మాకు. దాని గుండా గాలి ఆడకపోతే కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, లోపల మాత్రం చల్లబడదు. సబ్-జీరో అనే బిల్ట్-ఇన్ ఫ్రిజ్‌ల కంపెనీ మోడల్స్ కొన్నింట్లో దీనికే డిస్‌ప్లే మీద ఈసీ 50 అనే ఎర్రర్ కోడో కండెన్సర్ వ్యాక్యూమ్ చేయమనో వస్తుంది.

బ్రేకర్ ఆపేసి, మెత్తటి బ్రష్ పెట్టిన వ్యాక్యూమ్‌తో రేకులు ఉన్న దిశలోనే, అంటే పైనించి కిందకి, మెల్లగా లాగాలి, అడ్డంగా రుద్దితే అల్యూమినియం రేకులు వంగిపోతాయి. మళ్లీ ఆన్ చేసి 24 గంటలు ఆగండి, అంతలోపు చల్లబడలేదని కంగారు పడొద్దు. జాలీ తీసినప్పుడే లోపల చిన్న ఫ్యాన్ తిరుగుతోందా లేదా కూడా చూసుకోండి, రిపేర్ మనిషికి ఫోన్‌లో చెప్పడానికి పనికొస్తుంది.

ఇంకోటి, ఫ్రిజ్, ఫ్రీజర్ రెండూ వేడిగా ఉన్నాయా ఒకటేనా అన్నది రాసిపెట్టుకోండి. సబ్-జీరో లాంటి వాటిలో ఫ్రిజ్‌కి ఒక కంప్రెసర్, ఫ్రీజర్‌కి ఇంకో కంప్రెసర్ విడివిడిగా ఉంటాయి, కాబట్టి ఐస్‌క్రీమ్ రాయిలా ఉండి పాలు విరిగిపోవడం మామూలే. ఒకటే కంప్రెసర్ ఉన్న మోడల్‌లో అదే జరిగితే లోపలి ఫ్యానో, మంచు కట్టుకుపోవడమో, ఫ్రీజర్ నించి చల్లగాలి వచ్చే దారి మూసుకుపోవడమో అయ్యుండొచ్చు. ఆ ఒక్క ముక్క చెప్తే తెలిసినవాడు ఏ పార్టు బండిలో పెట్టుకుని రావాలో అంచనా వేస్తాడు.

మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి

లోపల పై భాగంలోనో తలుపు పై అంచు దగ్గరో స్టిక్కర్ ఉంటుంది. ఇది లేకుండా ఫోన్ చేయడం దండగ. సీరియల్ నంబరుతోనే కంపెనీ కస్టమర్ కేర్‌వాళ్లు ఎప్పుడు తయారైంది, వారంటీ ఏమైనా మిగిలుందా చెప్తారు. సబ్-జీరో అయితే మొత్తానికి 2 ఏళ్లు, గ్యాస్ తిరిగే సీల్డ్ సిస్టమ్‌కి 5 ఏళ్లు, ఆ తర్వాత 12 ఏళ్ల దాకా సీల్డ్ సిస్టమ్ పార్టులకి మాత్రం వారంటీ ఇస్తుంది. ఫ్రిజ్ పాతదని మనమే వదిలేసుకుంటే నష్టం మనకే. ఇల్లు కొన్నప్పుడు హోమ్ వారంటీ, అంటే ఇంట్లో సామాన్లు పాడైతే బాగుచేయించే ప్లాన్, తీసుకుని ఉంటే ఆ కాగితాలు కూడా తీయండి, కాకపోతే ఖరీదైన బిల్ట్-ఇన్ వాటికి ఇంత వరకే ఇస్తాం అని లోపల చిన్న అక్షరాల్లో ఉండొచ్చు, అది చదివాకే ఒప్పుకోండి, ఎందుకంటే వాళ్లు పంపే మనిషి ఎవరన్నది మన చేతిలో ఉండదు.

ఇప్పుడు మనిషి కోసం వేట

మొదట చూడాల్సింది కంపెనీ సొంత సైట్. సబ్-జీరో, థర్మడోర్, మీలే, మోనోగ్రామ్, వైకింగ్ ఏదైనా సరే సర్వీస్ పేజీకి వెళ్లి మీ జిప్ కోడ్ కొడితే మీ దగ్గర్లో ఎవరొస్తారో చెప్తుంది, లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వాళ్లే చెప్తారు. ఇక్కడ జాగ్రత్త ఏంటంటే గూగుల్‌లో బ్రాండ్ పేరు కొడితే పైన వచ్చేవి చాలావరకు యాడ్లు, వాటిల్లో కొన్ని అచ్చం కంపెనీ సైట్‌లాగే కనపడతాయి, ఊరి అడ్రస్ ఉండదు, ఫోన్ ఎత్తినవాళ్లు ఏ కంపెనీ అని అడిగితే సర్వీస్ డిపార్ట్‌మెంట్ అంటారు. నేను పడింది అలాంటి దాంట్లోనే. అడ్రస్ మ్యాప్‌లో కొట్టి చూడండి, నిజంగా షాపు కనపడిందా లేక ఏదో పోస్ట్ బాక్స్ దుకాణమా అని.

కంపెనీవాళ్లు రెండు వారాల తర్వాత గానీ రాలేం అంటే మిగతా దార్లు చూడాలి. నాకు బాగా పనికొచ్చింది అప్లయన్స్ పార్టులు అమ్మే షాపు కౌంటర్. ఫ్యాన్ మోటర్ ధర కనుక్కోడానికి వెళ్లి, ఈ కంపెనీ పార్టులు మీ దగ్గర ఎక్కువ ఎవరు కొంటారండీ అని అడిగితే కౌంటర్ వెనకాల పెద్దాయన ఆలోచించకుండా రెండు పేర్లు చెప్పాడు. రోజూ చూస్తారు కదా వాళ్లు, ఎవరు పార్టు సరిగ్గా తీసుకెళ్తారో, ఎవరు తప్పు పార్టు తెచ్చి మళ్లీ వాపసు ఇస్తారో. ఈ ఫ్రిజ్‌లు అమ్మే కిచెన్ షోరూమ్‌లో కూడా అడగొచ్చు. ఇంక మన కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు ఉండనే ఉంది, బిల్డర్ ఒక వరసలో ఇళ్లన్నిటికీ ఒకే ఫ్రిజ్ పెట్టుంటాడు కాబట్టి పక్కవాళ్లకి ఈపాటికి పాడైపోయే ఉంటుంది. కాకపోతే గ్రూపులో నంబరు ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఏ ఫ్రిజ్‌కి ఏం పని చేశాడో అడగండి, వాషర్ బాగా చేసినవాడు ఇది చేస్తాడని లేదు.

ఫోన్‌లో ఏం అడగాలి

ఈ బ్రాండ్ బిల్ట్-ఇన్ వారానికి ఎన్ని చేస్తారు అని అడగండి, అన్నీ చేస్తాం అనే జవాబు నాకు నచ్చదు. చూడ్డానికి ఎంత, రిపేర్ చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తారా, ఒరిజినల్ పార్టే వేస్తారా, పార్టుకీ పనికీ ఎన్నాళ్ల వారంటీ కాగితం మీద రాసిస్తారు, ఇవన్నీ ముందే తేల్చుకోండి. ఇన్సూరెన్స్ ఉందా అన్నది మాత్రం తప్పకుండా అడగాలి, ఎందుకంటే ఇవి 500 పౌన్లు దాటే ఫ్రిజ్‌లు, పైన బరువు ఎక్కువ, ముందుకి పడకుండా గోడకి బ్రాకెట్ వేసి ఉంటుంది, అది తీయకుండా లాగితే మనిషి మీద పడొచ్చు, లేదంటే హార్డ్‌వుడ్ ఫ్లోర్ మీద గీత పడిపోద్ది.

గ్యాస్ గురించి కొంచెం చెప్పాలి. ఊళ్లో మనకి అలవాటు, ఫ్రిజ్ చల్లబడకపోతే గ్యాస్ అయిపోయిందంటారు, సందు చివర మెకానిక్ వచ్చి గ్యాస్ పట్టేసి పోతాడు. కానీ అది మూసేసిన పైపుల్లో తిరిగేది, వాడితే అరిగిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కాబట్టి ఇక్కడ ఎవరైనా గ్యాస్ నింపుతా అంటే లీకు ఎక్కడ, ఎలా మూస్తావు అని అడగండి. ఆర్-134ఏ అనే గ్యాస్ ఉన్న ఫ్రిజ్‌లో సీల్డ్ సిస్టమ్ విప్పాలంటే అమెరికాలో పర్యావరణ శాఖ ఈపీఏ వాళ్ల 608 సర్టిఫికెట్ ఉండాలి, చూపించమంటే తప్పేం లేదు. కొత్త మోడల్స్‌ చాలావాటిలో ఆర్-600ఏ ఉంటుంది, అది మండే గ్యాస్, దానిమీద ట్రైనింగ్ ఉందా అని అడగండి.

కంప్రెసర్ పోయిందంటే వెంటనే సరే అనకండి

ఏం కొలిచి చెప్తున్నారో చూపించమనండి, కండెన్సర్ శుభ్రం చేశాకా ముందా అని అడగండి. రెండు వేల డాలర్ల మాట వస్తే రెండో మనిషికి ఇంకో వంద పోసినా లాభమే. నిజంగానే పోయినా వెంటనే కొత్త ఫ్రిజ్ అనుకోవద్దు, గోడలో ఆ సందు 84 అంగుళాల ఎత్తుకి, 36, 42, 48 అంగుళాల వెడల్పుకి కొలిచి కట్టి ఉంటుంది, కొత్తది పది పదిహేను వేల డాలర్ల పైనే, దానికి తోడు చెక్క తలుపుల పని వేరే. సబ్-జీరో తన ఫ్రిజ్‌లని 20 ఏళ్లు నడిచేలా చేస్తానంటుంది కాబట్టి పదేళ్ల దానికి కంప్రెసర్ వేయించడం పిచ్చి పనేం కాదు. పద్దెనిమిదేళ్లది అయితే నేనైతే వేయించను.

పని అయ్యాక పాత పార్టు చూపించమని, బిల్లు మీద పార్టు నంబరు రాయమని అడగండి. 38 డిగ్రీలకి పెట్టి, మర్నాడు మళ్లీ గ్లాసులో థర్మామీటర్ పెట్టి చూడండి. ఫోన్‌లో ఆరు నెలలకోసారి జాలీ విప్పమని రిమైండర్ పెట్టుకోండి, ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే మూడు నెలలకే. ఆ మెకానిక్ నంబరు నేను జాలీ లోపలి వైపు టేప్‌తో అంటించేశా, మా ఆవిడకి తెలుసు ఎక్కడుందో.