కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆగాలా, సిస్టమ్ ఇప్పుడే మార్చాలా? ఎలా తేల్చుకోవాలి

కొత్త ప్రాసెసర్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ రెండూ ఏటా ఏదో ఒకటి దింపుతాయి కాబట్టి ఆగుదాం అనుకున్నవాళ్లు ఆగుతూనే ఉంటారు. ఇంకో రకం వాళ్లు పొద్దున సిస్టమ్ హ్యాంగ్ అయితే సాయంత్రం బస్సెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దిగి, షాపువాడు చూపించింది పట్టుకొస్తారు. నల్గొండ, మిర్యాలగూడల్లో ఫొటో స్టూడియోలకు, డీటీపీ సెంటర్లకు, ఇంటర్‌నెట్ షాపులకు సిస్టమ్స్ బిగించే పనిలో ఈ రెండు తప్పులూ చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను. మార్కెట్లో ఏం వస్తోంది అన్నది తర్వాత, మీ సిస్టమ్ ఎక్కడ ఆగిపోతోంది అన్నది ముందు.

మొదట మీ దగ్గర ఏముందో ఒక కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు మోడల్, ర్యామ్ ఎంత, అది ఏ తరం ర్యామ్ (డీడీఆర్4నా డీడీఆర్5నా), డిస్క్ ఏది. సీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేస్తే దాదాపు అన్నీ చెప్పేస్తుంది. విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తుంటే ఇక్కడే ఆగండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించండి. సాటా కేబుల్‌తో బిగించే మామూలు ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకు 500 ఎంబీ దాకా చదువుతుంది, హార్డ్ డిస్క్ 150 దగ్గరే ఆయాసపడుతుంది. ర్యామ్ 16 జీబీ కంటే తక్కువుంటే అదీ పెంచండి. 8 జీబీ చాలు అనేవాళ్ల మాట వినకండి.

ఇప్పుడు అందరూ చెడగొట్టే పనికి వద్దాం. సిస్టమ్ స్లో అయితే "ప్రాసెసర్ పాతదైపోయింది" అనేస్తారు, కానీ ఎవరూ కొలిచి చూడరు. కొలవడానికి రూపాయి ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లండి. సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే మాత్రం చూడకండి. అప్పుడు అప్‌డేట్లు, యాంటీవైరస్ అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఆ అంకెలు దేనికీ పనికిరావు. పది నిమిషాలు వదిలేయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే చూడండి, బ్యాటరీ మీద అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఆ తర్వాత మీరు రోజూ చేసే పనుల్లో అన్నిటికంటే బరువైనది నడపండి. ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు ఫొటోషాప్‌లో ముప్పై షీట్ల ఫైలు తెరవండి, వీడియోవాళ్లు ఎక్స్‌పోర్ట్ పెట్టండి. ఖాళీ డెస్క్‌టాప్ మీద చూసి "సీపీయూ 4 శాతమే ఉందన్నా" అంటే లాభం లేదు.

సీపీయూ (అంటే ప్రాసెసరే) మొత్తం శాతాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఎనిమిది థ్రెడ్లున్న (అంటే ఒకేసారి ఎనిమిది పనుల వరసలు నడిపే) ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తున్నా మొత్తం అంకె 12 లేదా 13 శాతమే చూపిస్తుంది. అది చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుంటారు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి, లాజికల్ ప్రాసెసర్స్ ఎంచుకుంటే ఒక్కో గడి విడిగా కనిపిస్తుంది. ఒకటో రెండో గడులు నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే కోర్లు (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు) ఎక్కువున్నది కొనడం డబ్బులు పారేసుకోవడమే, మీకు ఒక్కో కోర్ వేగంగా ఉండేది కావాలి. గడులన్నీ నిండిపోతే మాత్రం కోర్లు పెంచుకోవాలి.

అదే పేజీలో స్పీడ్ (ఇప్పుడు నడుస్తున్న వేగం), బేస్ స్పీడ్ (కంపెనీ చెప్పిన మామూలు వేగం) అని రెండు ఉంటాయి. బరువు పడ్డప్పుడు స్పీడ్ బేస్ కంటే కిందికి జారితే అది చాలావరకు వేడి సమస్యే. మిర్యాలగూడలో రైస్ మిల్లు పక్కనున్న ఒక స్టూడియోలో ఐ7 సిస్టమ్ మే నెలలో ఎక్స్‌పోర్ట్‌కు రెట్టింపు టైమ్ తీసుకుంటోందని కొత్తది కొనడానికి రెడీ అయ్యారు. ఫ్యాన్ విప్పితే ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య తవుడు దుమ్ము నూనె పట్టి గట్టిపడి ఉంది, అవతల వెలుతురు కూడా కనిపించలేదు. బ్లోయర్, బ్రష్, కొత్త థర్మల్ పేస్ట్, అంతే, స్పీడ్ తిరిగొచ్చింది. మన జిల్లా ఎండలకు ఏటా ఉగాదిలోపు ఈ పని చేయించాలి. శుభ్రం చేయకుండా తీసిన కొలతను నేనైతే లెక్కలోకే తీసుకోను.

మెమరీ పేజీలో కమిటెడ్ (ప్రోగ్రాములన్నీ కలిపి అడిగిన మెమరీ) దగ్గర మొదటి అంకె మీ అసలు ర్యామ్‌ను బాగా దాటేసి, డిస్క్ కూడా 100 శాతం కొడుతుంటే కావాల్సింది ర్యామే. ఇక ఇంటర్‌నెట్ సెంటర్లవాళ్లకు ఒక మాట: సర్కారు వెబ్‌సైట్ గుండ్రంగా తిరుగుతూ, మీ గ్రాఫులన్నీ నేలమీదే ఉంటే అవతలి సర్వర్‌నో మీ నెట్‌నో అనుమానించండి. ఐ9 లాంటి పెద్ద ప్రాసెసర్ పెట్టినా అది అట్లనే తిరుగుతుంది.

ఇంత చూశాక కూడా అడ్డం ప్రాసెసరే అని తేలితే, అప్పుడు బోర్డు సంగతి. ఏఎండీ రైజెన్ మొదటి రకాలున్న ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) బోర్డు అయితే అదృష్టవంతులు, చాలా బోర్డులు బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో రైజెన్ 5000 సిరీస్‌ను తీసుకుంటాయి. బోర్డు కంపెనీ సైట్‌లో సీపీయూ సపోర్ట్ లిస్టు చూసి, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలు ఒకే సాకెట్, అంతకుముందు తరాల నుంచి వీటికి రావాలంటే బోర్డు కూడా మారాల్సిందే. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజ్ సమస్యతో క్రాష్‌లు వచ్చి 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (బయోస్‌తో వచ్చే ప్రాసెసర్ లోపలి సవరణ) ఇచ్చింది, కాబట్టి అవి వాడేవాళ్లు కూడా బయోస్ వదిలేయొద్దు. 7వ తరం, అంతకుముందువైతే ఒకటీ అరా తప్ప విండోస్ 11కు పనికిరావు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా రావు, కాబట్టి డబ్బుల లావాదేవీలు నడిచే సిస్టమ్ అయితే ఇక ఆగే ప్రశ్నే లేదు.

మరి ఎప్పుడు ఆగాలి? కంపెనీ తనే తేదీ చెప్పి, ఆ తేదీ రెండు నెలల్లోపు ఉంటేనే. లీకులు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు లెక్కకు రావు. అప్పుడైనా ఆగేది కొత్తది కొనడానికి కాదు, పాతదాని ధర దిగుతుందని. కొత్త సాకెట్ వచ్చిన మొదటి నెలల్లో బోర్డులు పిరం, బయోస్ పచ్చిగా ఉంటుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 కోసం ఆగినవాళ్లు, గేముల్లో చాలాచోట్ల అది 14వ తరం కంటే వెనకబడితే తలపట్టుకున్నారు. ఆగితే అన్నీ చవకవుతాయన్నది కూడా ప్రతిసారీ జరగదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఎట్లా ఎగబాకాయో చూశాం కదా.

ఒక్క విషయంలో మాత్రం కొత్త తరం నిజంగా తేడా చూపిస్తుంది. పెళ్లి వీడియోలు 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువుండే రికార్డింగ్) తీసి, హెచ్265 (బాగా కుదించిన వీడియో) ఫైళ్లు టైమ్‌లైన్‌లో కదలక టెన్షన్ పడేవాళ్లకు దాన్ని చదివే హార్డ్‌వేర్ కావాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో అది 11వ తరం నుంచి ఉంది. అందుకే పేరు చివర ఎఫ్ అక్షరమున్న ఇంటెల్ ప్రాసెసర్ ఎంత చవకైనా కొనొద్దంటాను, వాటిలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయవు.

ముహూర్తాల సీజన్ మధ్యలో మాత్రం మార్చకండి, మూఢం వచ్చినప్పుడు పెట్టుకోండి. కంపెనీ సీల్ ఉన్న బాక్స్ పీసే అడగండి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, బాక్స్ ప్రాసెసర్‌కు మామూలుగా మూడేళ్ల వారంటీ ఉంటుంది. కొత్త సిస్టమ్ వచ్చాక పాత డిస్క్‌ను కనీసం నెల రోజులు ఫార్మాట్ కొట్టకండి. అనూ ఫాంట్లతో చేసిన పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, ట్యాలీ డేటా, ఆల్బమ్ పీఎస్‌డీలు ఒక్కొక్కటీ కొత్తదాంట్లో తెరిచి, ప్రింట్ కూడా తీసి చూశాకే దాని జోలికి వెళ్లండి.