ఫోన్‌లో వైఫై బాగానే వస్తోంది, ల్యాప్‌టాప్‌లో రావట్లేదు: లోపం ఎక్కడుంది?

నెట్ ఆగగానే అందరం ముందు చేసేది రూటర్ స్విచ్ ఆపి మళ్లీ వేయడమే. చాలాసార్లు నెట్ వచ్చేస్తుంది కూడా. కానీ కారణం తెలియకపోతే సాయంత్రానికి మళ్లీ అదే టెన్షన్. అందుకే ముందు ఫోన్ తీసుకుని, మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైలో ఏదైనా సైట్ తెరిచి చూడండి. డేటా ఆపడం మర్చిపోవద్దు. వైఫై సరిగా లేకపోతే ఫోన్ చెప్పాపెట్టకుండా డేటాకి మారిపోతుంది.

ఫోన్‌లోనూ రావడం లేదు

తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, దాన్ని వదిలేయండి. ఫైబర్ బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి కాంతి సిగ్నల్ అందడం లేదన్నమాట. వైరు ఇంట్లోనే ఎక్కడైనా మడత పడిందేమో, బీరువా కింద నలిగిందేమో చూడండి. అది బాగానే ఉంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయడమే మార్గం. ఆ వైరు కొన ఊడదీసి లోపలికి తొంగి చూడకండి, అందులో వచ్చే కాంతి కంటికి కనిపించదు గానీ హాని చేయగలదు. లైట్లన్నీ మామూలుగా ఉంటే, బిల్లు కట్టారో లేదో ఒకసారి గుర్తు చేసుకోండి.

ల్యాప్‌టాప్‌లో వైఫై పేర్లే కనిపించవు

ఎయిర్‌ప్లేన్ మోడ్ పొరపాటున నొక్కి ఉంటారు. అదీ కాకపోతే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు డిజేబుల్ అయి ఉందేమో చూసి ఎనేబుల్ చేయండి. పసుపు గుర్తు ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలా వరకు విండోస్ డ్రైవర్‌ని (ఆ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) తనే మళ్లీ వేసుకుంటుంది. పక్కింటి పేర్లు వచ్చి మీది ఒక్కటే రాకపోతే మాత్రం కథ వేరు: వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే వేర్వేరు బ్యాండ్లలో వస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని 2.4 మాత్రమే అందుకుంటాయి, మీ రూటర్ 5లోనే ఇస్తూ ఉండొచ్చు. రూటర్ సెట్టింగ్స్‌లో 2.4 కూడా ఆన్ చేయండి.

కనెక్ట్ అయింది, కానీ 'నో ఇంటర్నెట్'

అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్ తెరిచి, ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో ల్యాప్‌టాప్‌కి ఉండే నంబరు) చూడండి. అది 169.254తో మొదలైతే రూటర్ అడ్రస్ ఇవ్వలేదు, ల్యాప్‌టాప్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి, పాస్‌వర్డ్‌తో మళ్లీ చేరండి. అప్పటికీ అదే వస్తే రూటర్ ఆపి మళ్లీ వేయండి, ఇప్పుడు ఆ పనికి అర్థం ఉంది.

అడ్రస్ 192.168 అని ఉంటే ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే వీపీఎన్, నెట్‌ని మధ్యలో ఇంకో సర్వర్ గుండా పంపే పాత ప్రాక్సీ సెట్టింగ్ ఆపి చూడండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ping 8.8.8.8 అని కొట్టండి, గూగుల్ సర్వర్ జవాబిస్తుందో లేదో తెలుస్తుంది. జవాబులు వస్తున్నా సైట్లు తెరుచుకోకపోతే అనుమానించాల్సింది డీఎన్‌ఎస్‌ని, అంటే సైటు పేరుని బట్టి దాని అడ్రస్ నంబరు వెతికిపెట్టే వ్యవస్థని. ఇందాకటి వైఫై ప్రాపర్టీస్‌లోనే డీఎన్‌ఎస్ మాన్యువల్‌గా పెట్టి 8.8.8.8 లేదా 1.1.1.1 ఇవ్వండి. ప్రతి సైటూ 'సురక్షితం కాదు' అంటుంటే గడియారం చూడండి. పాత మెషీన్లలో మదర్‌బోర్డ్ మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, ఆ తేదీతో సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు.

హాల్లో బాగుంది, పడకగదిలో తెగిపోతుంది

5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ కాంక్రీటు గోడలు దాటడంలో బలహీనం. ఎదురుగా కూర్చుంటే 5, రెండు గోడల అవతలైతే 2.4 వాడండి. అపార్ట్‌మెంట్లలో 2.4కి రద్దీ ఎక్కువ, ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. వీటిలో ఖాళీగా ఉన్నదాన్ని రూటర్ సెట్టింగ్స్‌లో ఎంచుకోండి. రూటర్‌ని టీవీ వెనక దాచకండి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ కూడా 2.4 సిగ్నల్‌ని చెడగొడుతుంది, వైఫై డాంగిల్ పక్కన దాన్ని పెట్టకండి.

ల్యాప్‌టాప్ నిద్ర లేచాకే సమస్య వస్తుంటే డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపే టిక్కు తీసేయండి. ఆ ట్యాబ్ అన్ని మోడళ్లలో ఉండదు.

ఏదీ కుదరకపోతే విండోస్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఉంది. సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లు, వీపీఎన్‌లు పోవచ్చు, రాసి పెట్టుకుని చేయండి. రూటర్ వెనక సూదితో నొక్కే రీసెట్ రంధ్రం జోలికి మాత్రం వెళ్లొద్దు. చాలా కనెక్షన్లలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అందులోనే దాచి ఉంటాయి. అవి చెరిగిపోతే మళ్లీ పెట్టడానికి మనిషి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు.