విండోస్ 11కి మారాక పాత ప్రోగ్రామ్ ఎక్కకపోతే: చెయ్యి పెట్టేముందు జాగ్రత్తలు

ముందు తేదీ చూసుకోండి. మామూలుగా అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల వరకే పాత విండోస్‌కి వెనక్కి వెళ్లే వీలుంటుంది. అప్పటిదాకా సీ డ్రైవ్‌లో పాత విండోస్ ఫైళ్లుండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను, జాగా ఎంత ఇరుకైనా సరే, తుడిచేయకండి.

డేటా ఫైళ్లు, ఫాంట్లు, లైసెన్స్ కీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాకే పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. కొన్ని ప్రోగ్రాములు పోతూపోతూ తమ డేటా ఫోల్డర్‌నూ పట్టుకుపోతాయి. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఎర్రర్ మెసేజ్‌ను చివరిదాకా చదవండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. ‘వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ దొరకలేదు’ అంటే విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ (ఇలాంటి ఫైళ్లను అందించే మైక్రోసాఫ్ట్ ప్యాకేజీ) వేయాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. కంప్యూటర్ 64 బిట్ కదా అని ఎక్స్64 ఒక్కటే వేస్తారు. ప్రోగ్రామ్ 32 బిట్‌దైతే దానికి ఎక్స్86 కావాలి. రెండూ వేసుకోండి, అదీ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే. ఆ ఒక్క డీఎల్ఎల్ ఫైలును ఎక్కడినుంచో దించి సిస్టమ్32లో పడేయడం వైరస్‌కు తలుపు తీయడమే.

సెటప్ ఫైలే 16 బిట్‌దైతే అక్కడితో ఆపండి. 64 బిట్ విండోస్ దాన్ని నడపదు, కంపాటిబిలిటీ మోడ్ (ప్రోగ్రామ్‌ను పాత విండోస్‌లోలా నడిపించే సెట్టింగ్) ఎన్నిసార్లు మార్చినా అంతే. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్‌లో, పాత 32 బిట్ విండోస్ పెట్టుకోవాలి.