గాలిమర ఎంతదో జూలై నెలే చెబుతుంది

అనంతపురం జిల్లా గుట్టల్లో 40 గడపల తండాకు సోలార్, గాలిమర కలిపి కరెంటు ఇవ్వాలనుకుందాం. ప్యానెళ్ల ధరలు తర్వాత, ముందు వాడకం రాసుకోవాలి. ఇంటికి 9 వాట్ల బల్బులు మూడు 5 గంటలు, తక్కువ కరెంటు తాగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 8 గంటలు, 50 వాట్ల టీవీ 3 గంటలు వేస్తే రోజుకు అర యూనిట్. ఊరంతటికీ 20 యూనిట్లు. 20 వాట్ల వీధిదీపాలు 15 పెడితే రాత్రికి 3 పైచిలుకు, 2 హెచ్‌పీ నీళ్ల మోటారు 3 గంటలకు 6. మొత్తం 30. బ్యాటరీలో, ఇన్వర్టర్లో, వైర్లలో పోయేది కలుపుకుంటే 40 యూనిట్లు తయారవ్వాలి.

కిలోవాట్ సోలార్‌కు మామూలు రోజున 4 యూనిట్లు, ముసురు పట్టిన జూలైలో 3 వేసుకోండి. 10 కిలోవాట్లు పెడితే జూలైలో 10 యూనిట్లు లోటు. నైరుతి గాలి జోరూ అప్పుడే కాబట్టి ఆ లోటు పూడ్చేంత గాలిమర చాలు. సగటు గాలి సెకనుకు 5 మీటర్లుంటే 5 కిలోవాట్లది సరిపోతుంది.

ఆ 5 మీటర్లు మీ ఊళ్లో ఉన్నాయా? గాలి సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే టవర్ ఎత్తులోనే కనీసం జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొలవాలి. చుట్టూ 150 మీటర్లలో ఉన్న చెట్టూ ఇల్లూ కంటే రెక్కలు 10 మీటర్లు పైన తిరగాలి. వేపచెట్టు వెనక నిలబెట్టిన గాలిమర ఊగుతుంది తప్ప కరెంటివ్వదు. టవర్‌ను ప్యానెళ్లకు ఉత్తరాన వేయండి. దక్షిణాన ఉంటే దాని సన్నటి నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం నీరసిస్తుంది.

రాత్రి వాడకం 20 యూనిట్లకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 25 యూనిట్లది, అంటే 48 వోల్టుల మీద 520 ఏహెచ్ (ఆంపియర్-గంటలు). లెడ్ యాసిడ్ సగానికి మించి వాడకూడదు కనుక 40 యూనిట్లది కావాలి. మోటారు పగలే నడిచేలా టైమర్ పెట్టండి, మోటారును మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టర్ తప్పనిసరి. నేరుగా వేస్తే మొదటి క్షణం ఐదారు రెట్లు కరెంటు లాగి ఇన్వర్టర్‌ను పడేస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు, గాలిమరను సోలార్ కంట్రోలర్‌కే (బ్యాటరీ ఛార్జింగును అదుపు చేసే పెట్టె) తగిలించడం. బ్యాటరీ నిండగానే సోలార్‌ను ఆపేస్తే ఏం కాదు. గాలిమరకు లోడు తీసేస్తే అదుపు తప్పి తిరుగుతుంది, రెక్కలు విరుగుతాయి. దానికి వేరే కంట్రోలర్, మిగులు కరెంటు కాల్చే డంప్ లోడ్ ఉండాలి.

ప్రతి ఇంటికీ 2 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్) బిగించండి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే ఆ ఇల్లే ఆగుతుంది, తండా ఆగదు.